ఎలా వినిపిస్తోంది, చోడవరం?

"మాట్లాడొద్దన్నానా!" అన్నాడు డాక్టరు, ఈసారి కొంచెం గట్టిగానే.

విశాలాక్షి మాట్లాడలేదు. పెదవి కూడా కదపలేదు. హైస్కూలు తరగతి గదిలో జత చేసి వేసిన రెండు బల్లల మీద వెల్లకిలా పడుకుని, భుజాల కింద తలగడ, తల వెనక్కి వేలాడేసి, గొంతు నిండా ఆముదం పూయించుకున్న మనిషి మాట్లాడమన్నా ఏం మాట్లాడుతుంది? డాక్టరు చేతిలో లావుపాటి కలం లాంటి గొట్టం ఉంది. దాని మొన ఆమె గొంతుకి కుడిపక్క, నిమ్మకాయంత లేచిన గడ్డ మీద చల్లగా ఆని ఉంది. మేష్టార్లు హాజరు పిలిచే టేబిలు మీద ఇవాళ విశాఖపట్నం నుంచి వ్యానులో దిగిన మిషను కూర్చుని గుయ్యిమంటోంది. దానికి అరచేయంత అద్దం, అద్దంలో ఆకుపచ్చ గీత. ఇంకాసేపట్లో ఆ గీత ఒక మాట చెబుతుంది. ఆ మాటని బట్టి విశాలాక్షికి రేపటి నుంచి గొంతు ఉంటుందో, పోతుందో తేలిపోతుంది.

ఇందాక డాక్టరు వివరంగానే చెప్పాడు. వేంకటరమణమూర్తి అని, కుర్రవాడే, ఓపికున్నవాడు. "ఈ గొట్టం లోంచి శబ్దాన్ని లోపలికి పంపిస్తామండి. మన చెవికి వినపడేది కాదు. లోపల నీళ్ళుంటే శబ్దం ఎక్కడా ఆగదు, అటు నుంచి అటే వెళ్ళిపోతుంది. గీత మీద ముందొక కొండ, వెనకొక కొండ, మధ్యలో చదును. నీళ్ళు కాక గట్టి కండ అయితే అడుగడుక్కీ తగిలి తిరిగొస్తుంది. మధ్యలోనూ ముళ్ళలాగ లేస్తాయి. నీళ్ళయితే సూదేసి తీసేస్తాను, అంతటితో సరి. గట్టిదైతే మాత్రం కోసి తీసి పరీక్షకి పంపాలి." కోస్తే గొంతు ఏమవుతుందని అడిగింది. ఆయన చేతులు తుడుచుకుంటూ, "మాటకి పనికొచ్చే నరం దాని వెనకనే పోతుందండి. జాగ్రత్తగానే చేస్తారు. కానీ పూచీ ఎవరూ ఇవ్వలేరు," అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం కలిగింది, అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. కాబట్టి కావలసింది చదును. ఏమీ లేకపోవడం. శబ్దం వెళ్ళి తిరిగి రాకపోవడం. ఎంత తమాషా, జన్మంతా ఆమె దేనికి భయపడిందో సరిగ్గా దాని కోసమే ఇవాళ ముక్కోటి దేవుళ్ళకీ మొక్కాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చునే మనిషికి అన్నిటికన్నా చెడ్డది గోల కాదు, గరగర కాదు, పక్క లైనులో ఎవరివో పెళ్ళి మాటలు కలిసిపోవడం కాదు. హలో అంటే అటు నుంచి ఏమీ రాకపోవడం. తీగ తెగిందో, స్తంభం కూలిందో, చెరకు బండి తగిలి లాక్కుపోయిందో తెలియని ఆ చచ్చిన నిశ్శబ్దం. అది చెవిలో పడితే చాలు, లైను కలిపే త్రాడు పీకి మళ్ళీ గుచ్చేది, మళ్ళీ మళ్ళీ హలో అనేది.

వెనక్కి వేలాడిన తలకి లోకమంతా తలకిందులుగా ఉంది. నల్లబల్ల మీద ఎవరో చెరపకుండా వదిలేసిన లెక్క తలకిందులుగా వేలాడుతోంది. కిటికీలోంచి చెరకు మడ్డి వాసన వస్తోంది, గోవాడలో పంచదార ఫ్యాక్టరీ ఆడుతున్నన్నాళ్ళూ ఊరికి ఇదే గాలి. అడ్డంగా కట్టిన దుప్పటి అవతల వరండాలో ఆడవాళ్ళ వరస. మెడ మీద వాపున్న వాళ్ళందరూ రావాలని దండోరా వేయించారు. చీడికాడ వైపు నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చేరు. "ఏటే, లోపల పురుడు పోస్తన్నారేటే, ఇంతసేపు?" అని ఎవరో ముసలమ్మ కేకేసింది. "ఓలమ్మా సన్యాసమ్మా, నీ వంతొస్తే నీకూ పోస్తాం గానీ ఊరుకో!" అని ఇవతల నుంచి నర్సు అచ్చియ్యమ్మ. వరండా అంతా నవ్వు. అందులో ఒక నవ్వు బొంగురుగా, గాలి ఎక్కువై ఉంది. నరసమ్మ టీచరు నవ్వు కాదు కదా? కాదు, ఆవిడ ఇప్పుడు నవ్వినా వినపడదు. ఆడపిల్లల బడిలో పాట నేర్పేది నరసమ్మ టీచరు. ఆవిడకీ ఇలాంటి గడ్డే, ఇలాంటి మిషనులు లేని రోజుల్లో. పట్నం వెళ్ళి కోయించుకుని వచ్చింది, ప్రాణం దక్కింది, గొంతు మాత్రం అక్కడే ఉండిపోయింది. అంతకుముందు భిలాయిలో ఉన్న కొడుక్కి ట్రంక్ కాల్ చేసిందంటే, తీగ అక్కర్లేదు టీచరు గారూ, వీధిలో నిలబడి పిలిస్తే చాలు అని విశాలాక్షి వేళాకోళం చేసేది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఫోను చేసినప్పుడు తీగలోకి వట్టి గాలి వెళ్ళింది. అటు కొడుకు "అమ్మా, అమ్మా, ఉన్నావా" అంటున్నాడు. ఇటు గాలి. రూలు ప్రకారం లైను కలిపాక ఆపరేటరు తప్పుకోవాలి. విశాలాక్షి తప్పుకోలేదు. "అమ్మగారు లైన్లో ఉన్నారు బాబూ, తిన్నావా అని అడుగుతున్నారు," అంది. "తిన్నానని చెప్పండి." "చెప్పక్కర్లేదు, వింటున్నారు." అలా ఆ గాలికి తన గొంతు అరువిచ్చి తల్లి మాటలన్నీ తనే మాట్లాడింది, నీళ్ళు కాచుకుని పోసుకో అని, కోడలితో గట్టిగా మాట్లాడకు అని. చివర్లో ఆ కుర్రాడు ఏడుస్తుంటే ఏడవకు నాన్నా అన్నది మాత్రం టీచరు అడిగి చెప్పించిందో, తనకి తనే అన్నదో ఇప్పటికీ తెలియదు. సరే, టీచరుకి తను ఉంది. రేపు తనకి ఎవరున్నారు? తన గాలిని ఎవరు మాట చేసి ఎవరికి చెబుతారు? ముందసలు అటువైపు ఎవరుంటారు...

"ఇదిగో, మళ్ళీ!" డాక్టరు గొట్టం ఎత్తేశాడు. "అద్దంలో గీత గంతులేస్తోందమ్మా. మీరు మాట్లాడుతున్నారు."

"లేదండీ. నోరే తెరవలేదు."

"నోరు తెరవలేదు. గొంతు కదులుతోంది, నా చేతికి తెలుస్తోంది కదా. కొంతమందికి ఉంటుంది, మనసులో అనుకునే ప్రతి మాటకీ గొంతు కూడా ఆడుతుంది. గడ్డ గొంతుకే అతుక్కుని ఉంది కనక అదీ కదులుతుంది. నీళ్ళో గట్టిదో తెలియనివ్వదు. ఒక్క అర నిమిషం. మనసులో కూడా ఏమీ అనుకోకండి."

అచ్చియ్యమ్మ కలగజేసుకుంది. "ఈరు మా ఎక్స్ఛేంజి అమ్మగారండి బాబూ. పొద్దున్న లెగిస్తే మాటాడ్డమే ఈరి పని. ఆ గొంతుక్కి ఊరుకోడం ఎలాగొస్తాదండి?"

"పోనీ నిద్రపోతున్నట్టు అనుకోండి," అన్నాడు డాక్టరు. మళ్ళీ గొట్టం ఆన్చాడు. ఆకుపచ్చ గీత ముందు ఒక కొండై లేచింది. ఆ తరవాత ఏం లేస్తుందో ఆయన ముందుకి వంగి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు మిషను గుయ్యిమనడం మానేసింది. కొండ కరిగి చుక్కయి, చుక్క ఆరిపోయింది.

కరెంటు పోయింది.

"అలాగే ఉండండి, కదలొద్దు. గుర్తు పెట్టిన చోటు మారిపోతుంది," అని డాక్టరు వ్యాను వైపు వెళ్ళాడు. అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడి కరెంటు ఆఫీసువాళ్ళని పేరుపేరునా తిట్టడం మొదలెట్టింది. విశాలాక్షి ఒక్కతే మిగిలింది, తలకిందులైన లెక్కతో, మెడ పక్కనుంచి చెవి వెనక్కి జారుతున్న ఆముదంతో. మనసులో కూడా మాట్లాడొద్దట. ఎప్పటి నుంచి మాట్లాడుతోందో ఎవరికి తెలుసు? అమ్మ ఉన్నప్పుడు లేదు ఈ జబ్బు. అమ్మ ఉన్నప్పుడు పైకే మాట్లాడేది, పాలు పొంగుతున్నాయే అంటే చూసేనులే అని జవాబు వచ్చేది. అమ్మ పోయాక కూడా కొన్నాళ్ళు పైకే అంది, పాలు పొంగుతున్నాయి, వాన వచ్చేలా ఉంది, ఈ గొళ్ళెం బిగుసుకుపోయింది. ఒకసారి పక్క వాటాలోని పిల్ల రమామణి గుమ్మంలోంచి తొంగి చూసి "ఎవరొచ్చేరత్తా?" అని అడిగింది. ఎవరూ రాలేదు. ఆ రోజు నుంచి పైకి అనడం మానేసింది. నోరు మానేసింది గానీ గొంతు మానలేదన్నమాట, లోపల లోపలే పాలు పొంగుతున్నాయని చెబుతూనే ఉందన్నమాట. పెళ్ళి చేసుకుని ఉంటే... ఉద్యోగం మానేస్తే చేసుకుంటాం అన్నవాళ్ళు వచ్చేరు. ఆడది రాత్రీ పగలూ ఊళ్ళో మగాళ్ళందరితోనూ మాట్లాడే ఉద్యోగం ఏటి అన్నారు ఒకరు. మానను అంది. అలా వస్తూ వస్తూ రావడం మానేశారు. పశ్చాత్తాపం లేదు. ఎవరో ఫోను ఎత్తగానే ఆ బోర్డు మీద వాళ్ళ నంబరు మూత టప్పుమని పడి, నంబర్ ప్లీజ్ అని తను అన్నప్పుడు, ఊళ్ళో సగంమందికి అది వట్టి మాట కాదు. ధైర్యం. మందసలో తమ్ముడికి కబురు అందుతుందని, డాక్టరు బయల్దేరతాడని. కాకపోతే వాళ్ళెవరూ ఆమెతో మాట్లాడరు. ఆమె ద్వారా మాట్లాడతారు. నంబరు చెబుతారు, ఉంటారు, వెళ్ళిపోతారు.

గడ్డ సంగతి కూడా ఎవరూ చూడలేదు. తనే ఆలస్యంగా చూసుకుంది. చూసుకుని కూడా తప్పు పోల్చుకుంది. ఆపరేటరు గుండెల మీద మాట్లాడే గొట్టం వేలాడుతుంది, దాని పట్టీ మెడ చుట్టూ ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే చోట ఒరుసుకుని ఒరుసుకుని వాచిందనుకుంది. పట్టీకి పాత చీర గుడ్డ చుట్టింది. కొక్కెం మార్చి వదులు చేసింది. ఎడమ భుజం మీదికి జరిపింది. దండ బరువుకి ఒరిగిపోయే దేవుడి పటాన్ని సర్దినట్టు నెలల తరబడి ఆ పట్టీని సర్దుతూనే ఉంది, గడ్డ మాత్రం లోపల తన పని తను చేసుకుపోయింది. అది పట్టీ తప్పు కాదని చెప్పింది అనకాపల్లి.

అనకాపల్లి అంటే ఊరు కాదు, అక్కడి ట్రంక్ బోర్డు మీద కూర్చునే మనిషి. ఆపరేటర్లకి పేర్లుండవు, ఊళ్ళుంటాయి. డ్యూటీ మారగానే లైను పరీక్ష చేసుకోవాలి, అది పద్ధతి. "హలో, చోడవరం. ఎలా వినిపిస్తోంది?" "బాగా వినిపిస్తోంది, అనకాపల్లి. నేను?" "బ్రహ్మాండం." అంతే. రోజూ అంతే. ఏళ్ళుగా అంతే. మొదట్లో ఆ గొంతు కుర్రది, తరవాత కొంచెం మందమైంది, చలికాలం దగ్గుతుంది, టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు అవుతుంది. పెళ్ళయిందో లేదో తెలియదు. అడిగితే చెప్పేవాడే, అడగలేదు. ఒక ఏడు పెద్దగాలికి స్తంభాలు కూలి చాలా రోజులు లైను లేదు. మళ్ళీ కలిసిన రోజున ఎలా వినిపిస్తోంది అనలేదు ఆయన. "ఉన్నారా?" అన్నాడు. "ఉన్నాను," అంది. ఆ తరవాత పద్ధతి ప్రకారం మొదలుపెట్టేరు. ఇంకోసారి బట్టలు కొనడానికి అనకాపల్లి వెళ్ళి, బెల్లం బళ్ళ మధ్యలోంచి తోవ చేసుకుని, ఎక్స్ఛేంజి ఎదురుగా నిలబడింది. కిటికీలో ఒక మోచెయ్యి, తెల్ల చొక్కా. ఆయనదో కాదో. రోడ్డు దాటితే తెలిసిపోయేది. నీ గొంతుకి పదహారేళ్ళు, మనిషికి నలభై అని అమ్మ నవ్వుతూ అనేది. దాటలేదు. బస్సు ఎక్కి వచ్చేసి, సాయంత్రం డ్యూటీలో "బాగా వినిపిస్తోంది, అనకాపల్లి," అంది, ఏమీ జరగనట్టే. ఏమీ జరగలేదు కూడా. మొన్న దసరాల ముందు ఆయనే పద్ధతి తప్పేడు. "చోడవరం, గొంతేటండీ బరువుగా ఉంది?" జలుబంది. కొన్నాళ్ళాగి మళ్ళీ, "ఇంకా జలుబేటండీ? జలుబు ఇన్నాళ్ళుండదు. మాట చివర గీసుకుపోతోంది. సూపించుకోండి." రోజూ ఊరంతా ఆ గొంతు వింటుంది, అందులో గీత పడిందని పట్టుకున్నవాడు కళ్ళతో తనని ఎన్నడూ చూడనివాడు. అందుకే కదా ఇవాళ వచ్చింది, అందుకే ఈ బల్లలూ, ఈ ఆముదమూ. అనకాపల్లీ, ఇక్కడ కరెంటు పోయింది. గీత సగంలో ఆగిపోయింది. తలకిందులుగా పడుకున్నాను, నవ్వకండి, మీరు చూస్తే నవ్వుతారు. చదును రావాలట, వస్తే...

విశాలాక్షికి ఒక్కసారి ఒళ్ళు ఝల్లుమంది. మెడ మీద చెయ్యి వేసి చూసుకుంటే గొంతు నిజంగానే కదులుతోంది, పిల్లి గురక పెట్టినట్టు. ఎవరితో మాట్లాడుతోందో ఇప్పుడు తెలిసింది. పాలు పొంగుతున్నాయన్నది అమ్మతో కాదు. గొళ్ళెం బిగుసుకుపోయిందన్నది గోడలతో కాదు. లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా, కూర తరిగేటప్పుడూ, బోర్డు ముందు ఖాళీగా కూర్చున్నప్పుడూ, ఇప్పుడిక్కడా, ప్రతి మాటా ఒకే తీగ మీద వెళ్తోంది. అటువైపు వాడికి తెలియదు. డాక్టరు ఆపమంటున్నది ఆ లైనుని. గొంతు దక్కాలంటే ఆ గొంతు మాట్లాడుతున్న ఒకే ఒక్క మనిషిని వదలాలి, అర నిమిషమైనా సరే. వదిలేక లోపల ఏం మిగులుతుంది? చచ్చిన లైను. హలో అంటే ఏమీ రాని ఆ చప్పుడు లేనితనం.

దీపం వెలిగింది. వరండాలో కేకలు. మిషను గుయ్యిమని అందుకుంది. డాక్టరు పరుగులాంటి నడకతో వచ్చి గొట్టం తుడిచి పట్టుకున్నాడు. "మళ్ళీ పోయేలోపు అయిపోవాలి. ఏమీ అనుకోకండమ్మా. ఏమీ."

చల్లటి మొన ఆనింది. కొండ లేచింది. అనకాపల్లీ, ఇప్పుడే... కాదు. అనుకోకూడదు. అనుకోకూడదని కూడా అనుకోకూడదు. లెక్క వైపు చూడకు, అదీ మాటే. ఒకట్లో ఒకటి అని కూడా అనకు. త్రాడు పీకెయ్యాలా? బోర్డు మీద ఆ త్రాడు పట్టుకుని లాగెయ్యాలా? మనసులో కూడా చెయ్యి అటు వెళ్ళలేదు. చెయ్యి ఇంకొక చోటికి వెళ్ళింది, తనంతట తనే, ఏళ్ళ అలవాటున. ఇద్దరినీ కలిపాక ఆపరేటరు చేసే పని ఒకటుంది. త్రాడు అలాగే ఉంచి, తను వినే మీటని వెనక్కి నెట్టేయడం. లైను ఉంటుంది. కలిసే ఉంటుంది. ఆపరేటరు మాత్రం అందులో ఉండదు. చెవిలో హోరు కూడా ఉండదు. ఆ నిశ్శబ్దం తెగిన తీగది కాదు, కలిసిన తీగది. దాని ముందు రోజూ కూర్చుంటూనే ఉంది, ఎప్పుడూ భయం వెయ్యలేదు. బొటనవేలితో మీటని వెనక్కి నెట్టింది.

టక్.

 

 

"అలాగే... అలాగే..." అన్నాడు డాక్టరు, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు. ఆయన మొహం మీద ఆకుపచ్చ వెలుగు కదలకుండా నిలబడింది. గొట్టం కొంచెం పక్కకి వంచి చూశాడు, పైకి, కిందికి. "అచ్చియ్యమ్మా, ఇటు చూడు. ఇదొక కొండ. ఇదొక కొండ. మధ్యలో?"

"ఏటీ నేదండి. రోడ్డేసినట్టుంది."

"అదీ. నీళ్ళే," అన్నాడాయన.

"నీళ్ళేనటండి అమ్మగారూ! మెడకి కొబ్బరిబొండం కట్టుకొచ్చి ఎంత బయపెట్టేసినారండి మమ్మల్ని! సన్యాసమ్మా, రాయే, ఇంక నీ పురుడే!"

తలగడ తీశారు. లోకం మళ్ళీ తిన్నగా అయింది. నల్లబల్ల మీది లెక్క నిజానికి చాలా చిన్న లెక్క. వచ్చే వారం పట్నం రమ్మని, సూదేసి తీస్తానని, ఆ నీళ్ళు కూడా ఒకసారి పరీక్షకి పంపుతానని, భయపడేదేమీ ఉండదనుకుంటున్నానని డాక్టరు చెబుతున్నాడు. "ఇక మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకోవచ్చండి," అన్నాడు నవ్వుతూ. ఆమె వరండా వైపు చూసింది. ఇంత పెద్ద మాట, గొంతు ఉంది, ఉంటుంది అన్న మాట, చెప్పడానికి వరండాలో అంతమంది మొహాలు తన వైపే చూస్తున్నా ఒక్కరూ దొరకలేదు. నమస్కారం పెట్టి చెప్పులు వేసుకుంది. చెరకు బళ్ళు వరసగా పోతున్న రోడ్డు వారన, చీర చెంగుతో మెడ మీది ఆముదం తుడుచుకుంటూ, గొంతులో ఒక్క మాటైనా కదలకుండా ఎక్స్ఛేంజికి నడిచింది. మీట ఇంకా వెనకే ఉంది.

సాయంత్రం డ్యూటీ. పగటి ఆపరేటరు సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. విశాలాక్షి పట్టీకి చుట్టిన పాత చీర గుడ్డ విప్పేసి, గొట్టం గుండెల మీద సర్దుకుని కూర్చుంది. ట్రంక్ లైను మీద మూత పడింది. త్రాడు గుచ్చి, మీట ముందుకి లాగింది.

"హలో, చోడవరం. ఎలా వినిపిస్తోంది?"

బాగా వినిపిస్తోంది, అనకాపల్లి. ఆ మాట గొంతు దాకా దానంతటదే వచ్చేసింది. ఏళ్ళ తరబడి వచ్చినట్టే వచ్చింది. దాన్ని అక్కడే ఆపింది. ఇవాళ నేర్చుకున్న విద్య అది.

"నా పేరు విశాలాక్షి," అంది.

అటునుంచి ఏమీ రాలేదు. గరగర లేదు, దగ్గు లేదు, గ్లాసు చప్పుడు లేదు. చదును. తెగిన తీగో, కలిసిన తీగో. బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. పక్కన ఇంకో మూత టప్పుమని పడింది, పడనిచ్చింది.

"లైను బాగానే ఉందండీ," అంది ఆ గొంతు చివరికి, మెల్లిగా, ఎప్పుడూ మాట్లాడే వేగం కాకుండా. "బ్రహ్మాండంగా వినబడింది. అయినా మళ్ళీ ఒకసారి సెప్పండి."